అక్క తెరిచిన చాట్

కామారెడ్డిలో ఒక చీరల వెబ్‌సైటుకు చాట్‌లో జవాబులిచ్చే పని చేసిన రోజుల్లో, ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ పనిలో ముగ్గురం ఉండేవాళ్లం. కొనేవాళ్లు రాసేవన్నీ ఒకే ఇన్‌బాక్సులో పడి ముగ్గురి కంప్యూటర్లలోనూ కనబడేవి. ఎవరు తెరిస్తే పక్కన వాళ్ల గుర్తు పడేది. జవాబు వాళ్లే ఇవ్వాలి.

మాలో పెద్దామెను అక్క అనేవాళ్లం. వచ్చిన ప్రతి చాట్‌నూ ఆమే తెరిచేది. పెద్దవాళ్లు పట్టుకున్న పనిలో చెయ్యి పెట్టడం మాకు అలవాటు లేదు. ఒకరోజు ఒకాయన చీర రంగు వేరే వచ్చిందని రాసి చాలాసేపు కాచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, ఆయనకు జవాబియ్యలేదేంది?"

"నేను ఉత్తగనే చూసిన. మీరిస్తరనుకున్న," అంది.

అంతలో ఆయన "ఎవరన్నా ఉన్నారా?" అని రాశాడు. ముగ్గురం ఒకేసారి "ఉన్నాను" అని కొట్టాం. కొనేవాళ్లకు మా అందరికీ కలిపి ఒకే పేరు కనబడేది. ఆ పేరు మీద మూడు "ఉన్నాను"లు వరసగా పడ్డాయి.

"మీరెంతమంది? ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగాడు.

మేమిద్దరం అక్క మొహం చూశాం. అక్క మా మొహాలు చూసింది.