ఎవరూ ముట్టని రొట్టె

ఈస్టర్ వెళ్లిన మరుసటి ఆదివారం, పోయినవాళ్లకు సమాధుల దగ్గర తిండి పెట్టే రోజు పొద్దున, ఉస్తీనా ఎప్పటిలాగే రొట్టె, సాసేజి, ఎర్రరంగు వేసిన గుడ్లు సంచిలో సర్దింది. సర్దాక, తీసుకువెళ్లడానికి దారి లేదని గుర్తొచ్చి సంచిని వంటింటి బల్ల మీదే వదిలేసింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి లోజ్నికి వైపు ఎవరినీ పోనివ్వడం లేదు. అడవి నిండా మందుపాతరలే.

ఆమె పుట్టిన ఊరు లోజ్నికి. అణువిద్యుత్ కేంద్రం పేలిన ఏడాది ఊరంతటినీ బస్సులెక్కించినప్పుడు ఆమెకింకా పద్నాలుగేళ్లు. తర్వాత కీవ్‌లో ట్రాలీబస్సు నడిపింది. పెళ్లి చేసుకుంది, విడిపోయింది. తల్లి పోతూ పోతూ "నన్ను మనూళ్లోనే పెట్టండి" అంది. అక్కడే పెట్టారు. బతికున్నవాళ్లను ఉండనివ్వని ఊరు చచ్చిపోయినవాళ్లను ఉండనిచ్చింది. ఏటా ఈ ఆదివారం చెక్‌పోస్టు గేటు ఎత్తేవాళ్లు. ఉస్తీనా, తమ్ముడు జఖార్ వెళ్లి శిలువ కడిగి, దానికి కుట్టుపని చేసిన తువ్వాలు కట్టి, సమాధి పక్కన కూర్చుని తినేవాళ్లు. తల్లి వాటా అక్కడే పెట్టి వచ్చేవాళ్లు.

జఖార్ ఊరు ఖాళీ అయ్యాక పుట్టినవాడు. వీడియో గేముల కంపెనీలో ఇళ్లూ వీధులూ తయారుచేసేవాడు. వాళ్లు చేస్తున్న గేమ్‌లో తుపాకీ పట్టుకున్న ఒంటరి మనిషి, పేలుడు తర్వాత ఖాళీ చేయించిన ఆ నిషిద్ధ ప్రాంతమంతా తిరుగుతాడు. తిండి వెతుక్కోవాలి, మీదపడే మృగాలను కాల్చాలి, ఎలాగోలా బతకాలి. అందులో లోజ్నికి ఉండాలని జఖార్ పంతం. అక్క డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె వంటింట్లో కూర్చుని, చప్పుడు చేస్తూ తింటూ ప్రశ్నలు మొదలుపెట్టేవాడు.

"బావి ఎటువైపు ఉండేదక్కా? కిటికీ రెక్కలు ఏ రంగు?"

"నీలం రా బాబూ. ముందు నోరు మూసుకుని నమలడం నేర్చుకో. అమ్మ చెప్పీ చెప్పీ పోయింది."

గేమ్ బయటికి రాకముందే అతను యుద్ధంలో పోయాడు.

తలుపు చప్పుడైంది. జఖార్‌తో పనిచేసిన ఒరెస్ట్, చంకలో లాప్‌టాప్‌తో వచ్చాడు.

"లోజ్నికి వెళ్దాం పద అక్కా. పోలీసులూ లేరు, చెక్‌పోస్టూ లేదు."

"బూట్లు తుడుచుకుని రా. ఆ బురదంతా నా నెత్తికి."

ఒరెస్ట్ లాప్‌టాప్ బల్ల మీద పెట్టి గేమ్ తెరిచాడు. తెర మీద సన్నటి వాన పడుతోంది. గాలికి కరెంటు తీగలు మూలుగుతున్నాయి. దూరంగా కుక్క అరిచింది. ఒరెస్ట్ నడిపిస్తున్న తుపాకీ మనిషి నీలం కిటికీల ఇంట్లోకి వెళ్లాడు. ఉస్తీనా కుర్చీ ముందుకు లాక్కుంది.

"మంచం కింద చూస్తానుండు. తూటాలు దొరుకుతాయి."

"మా అమ్మ మంచం కింద తూటాలేంట్రా నీ మొహం! బంగాళదుంపలుండేవి."

ఒరెస్ట్ చూశాడు. బంగాళదుంపల బస్తా ఉంది.

శ్మశానంలో తల్లి శిలువకు ఎర్రదారంతో పుంజులు కుట్టిన తువ్వాలు కట్టి ఉంది. అది ఉస్తీనా కుట్టినదే.

"ఇక్కడ రొట్టె పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. వీడి సంచిలో ఒకటుంది. కానీ కాస్త దూరం వెళ్లగానే మాయమవుతుంది. కింద పడేసినవన్నీ గేమ్ ఊడ్చేస్తుందక్కా."

"మంచిదే. పెట్టు."

అదే కదా ఆమెకు కావలసింది. అసలు లోజ్నికిలో ఆమె శ్మశానం గేటు దాటీ దాటకముందే కాకులు వాలేవి. పెట్టినది పోతేనే తల్లికి చేరినట్టు. ఈ ఏడు ఎలాగైనా చేరాలి.

ఏటి దాకా నడిచి తిరిగి వచ్చారు. రొట్టె పెట్టినచోటే ఉంది.

"అయ్యో, మర్చేపోయాను" అన్నాడు ఒరెస్ట్. "ఈ ఒక్కచోట మాత్రం ఊడ్చకూడదని జఖార్ మేనేజరుతో పెద్ద గొడవ పడ్డాడు. అక్క పెట్టింది పోకూడదని. ఎంత ఏడిపించామో వాణ్ని."

ఉస్తీనా రొట్టెనే చూస్తోంది. ప్రతిసారీ జఖార్ కారు తీయడానికి ముందే వెళ్లిపోయేవాడు. కాకుల్ని వాడు ఏనాడూ చూడలేదు. ఆమె చెప్పనూ లేదు.

"ముట్టలేదు" అంది.

"ఎవరు?"

"అమ్మ."

ఒరెస్ట్ చేయి మౌస్ మీదే ఆగింది. "తీసేయనా అక్కా?"

"పెట్టింది తీయకూడదు. నువ్వు తిను. అదే, ఆ తుపాకీవాడు. తింటాడుగా?"

"తింటాడు. కానీ ఇప్పుడు వాడికి ఆకలి లేదు, దండగ."

"సమాధి దగ్గర ఆకలేసి తింటార్రా ఎవరైనా? తిననీ."

ఒరెస్ట్ మీట నొక్కాడు. రొట్టె పోయి, దాని కింది తడిగడ్డి కనబడింది. నమిలే చప్పుడు వినిపించింది. నోరు మూయకుండా, తొందరతొందరగా.

ఉస్తీనా చేయి బల్ల అంచును పట్టుకుంది. "ఎవరిదా చప్పుడు?"

"జఖార్‌దే" అన్నాడు ఒరెస్ట్ మెల్లగా. "చప్పుళ్లు రికార్డు చేసినరోజు ఇంకెవరూ దొరక్క వాడే మైకు ముందు కూర్చుని తిన్నాడు."

వాన పడుతూనే ఉంది. తువ్వాలు గాలికి కదిలింది.

"ఇంకోటి పెట్టు."

"రొట్టె లేదక్కా. సాసేజి ఒకటుంది."

"అదే పెట్టరా" అంది ఉస్తీనా.