కొబ్బరికాయ కోసం ఆగిన తారు

పలమనేరు చలిలో తారు రోడ్డు వేయడం తలనొప్పి పని. ప్లాంటు నుంచి బయలుదేరిన టిప్పర్ ఘాట్ ఎక్కేసరికే లోడు వేడి తగ్గిపోతుంది. అందుకే ఈసారి వార్మ్ మిక్స్ తెప్పించాం. అందులో కలిపే మందు వల్ల కాస్త తక్కువ వేడిలోనూ తారు కంకరను పట్టుకుంటుంది, రోలర్ కింద సర్దుకుంటుంది. కాంట్రాక్టర్ దగ్గర సైటు ఇంజనీరుగా ఉన్న నేనే దానికోసం పట్టుబట్టాను. ఆ రోడ్డు మా అక్క ఊరిది మరి. ఊరి పాలన్నీ ఆమే ఆటోలో పాలకేంద్రానికి తోలుతుంది. గుంతల్లో పడి లేచి ఆలస్యంగా చేరిన రోజు, పులిసిపోయాయని పాలు వెనక్కి పంపేస్తారు.

మొదటి లోడు పొద్దున్నే మంచులో వచ్చింది. రోలర్‌కు పసుపు కుంకుమ పెట్టాం. కొబ్బరికాయ మాత్రం రోడ్డు ప్రారంభానికి వచ్చే నాయకుడే కొట్టాలట. ఆయన ఇంకా నిద్ర లేవలేదు. లేచాక టిఫిన్. ఆ తర్వాత దారిలో ఎవరింట్లోనో పలకరింపులు.

లోడు చల్లారిపోతోందని నేను మొత్తుకుంటుంటే ఆయన అనుచరుడొకడు పళ్ళికిలించాడు.

"ఇది సలికేసే తారని నువ్వే గదప్పా సెప్పినావు! ఇంగ తొందరేల?"

చలిలో వేయొచ్చన్నాను గాని, చల్లారదని ఎప్పుడన్నాను? వాడితో మాట్లాడాలంటేనే రోత పుట్టింది.

మధ్యాహ్నానికి నాయకుడు దిగాడు. హారతి పళ్ళెం మా అక్క చేతికే ఇచ్చారు. కొత్త చీర కట్టుకుని, ఎంతో సంబరంగా హారతిచ్చింది. ఫోటో సరిగ్గా రాలేదని ఆయన చేత ఇంకో కాయ కొట్టించారు.

టిప్పర్ ఎత్తితే తారు గడ్డలు గడ్డలుగా దొర్లింది. లోడు వెనక్కి పంపేద్దామన్నాను.

"పెద్దాయన ముందర నా పరువు తీస్తావా?" అని కాంట్రాక్టర్ పళ్ళు కొరికాడు. నేను చేయనని పక్కకు తప్పుకుంటే, సూపర్‌వైజర్ చేత పరిపించాడు. నాయకుడు చెప్పు కాలితో నొక్కి చూసి, "బాగా గట్టిగుండాదే!" అన్నాడు. చల్లారిపోయింది గట్టిగా కాక ఎలా ఉంటుంది? చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు.

నెల తిరక్కముందే కంకర లేచిపోయింది. ఓ పొద్దున అక్క ఆటో ఆ కంకర మీద జారి ఒరిగింది. క్యాన్లు దొర్లి పాలన్నీ నేలపాలయ్యాయి. ఫోను రాగానే పరిగెత్తాను. నాయకుణ్ణీ, కాంట్రాక్టర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె మోచేతి రక్తం కొంగుతో తుడుచుకుంటూ అంతా విన్నది.

"పాత గుంతలే నయంరా అబ్బోడా," అంది. "అవి యాడుండాయో నాకు తెలుసు."