ఏసీ నెత్తిన ఏడు పొట్లాలు

తైవాన్ దక్షిణాన మా తైనాన్ ఊళ్ళో జూలై నెలలో ఏసీ ఆగిపోతే మనుషుల అసలు బుద్ధులు బయటపడతాయి. పన్నెండేళ్ళుగా ఈ అపార్ట్‌మెంటు కింద టిఫిన్ షాపు నడుపుతూ పొద్దస్తమానం పెనం ముందు నిలబడే మనిషిని. వేడి గురించి మాట్లాడే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

నా పక్క షాపు జ్వో వాళ్ళది, ఏసీ రిపేర్లు. షాపు పేరు భర్త వాన్‌ఫాది. నిచ్చెన పట్టుకుని, పానాలు అందించి, ఫోన్లు ఎత్తి, బిల్లులు రాసి ఇరవై రెండేళ్ళు దాన్ని నిలబెట్టింది భార్య బీయున్. కిందటేడు వాన్‌ఫా నడుములో డిస్కు జారింది. నిచ్చెన ఎక్కావంటే ఇక లేవవు అన్నాడు డాక్టరు. దాంతో బీయున్ యాభై మూడేళ్ళ వయసులో, సగం వయసున్న పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాసి, మెకానిక్ సర్టిఫికెట్టు తెచ్చుకుని గోడకు తగిలించింది.

గోడ చూసేదెవరు? ఫోన్ చేసి "మీ ఆయన్ని పంపమ్మా" అంటారు. ఆయన రాలేరు, నేనొస్తానంటే "సరేలే, చూద్దాం" అని పెట్టేస్తారు. స్టేషన్ దగ్గరి పెద్ద షాపుకు చేస్తారు. నాకైతే ఒళ్ళు మండిపోయేది. బీయున్ మాత్రం రిసీవరు పెట్టేసి, తుడిచిన పానాలనే మళ్ళీ తుడిచేది.

ఆ పెద్ద షాపు మేనేజరు ఒకనాడు పళ్ళబుట్ట పట్టుకొచ్చాడు. జ్వో వాళ్ళ ఫోన్ నంబరు కొంటానన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ పేటలో ప్రతి ఫ్రిజ్ మీదా అంటించి ఉన్న నంబరు అది. దాన్ని ఇచ్చేస్తే షాపు ఇచ్చేసినట్టే. శనివారానికల్లా చెప్పమన్నాడు. బీయున్ నా దగ్గరికొచ్చి, భోజనం డబ్బాలు కట్టే హోటల్లో మనిషి కావాలట, వెళ్ళనా అని అడిగింది. అప్పటికి బుధవారం.

గురువారం పొద్దున్నే గ్వోతాంగ్ నా షాపులో ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. మా అపార్ట్‌మెంటు కమిటీ ఛైర్మనతను, బ్యాంకులో పని చేసి రిటైరయ్యాడు. ఆరో అంతస్తులో ఉండే వాళ్ళమ్మ లై బామ్మకు ఎనభై రెండేళ్ళు. ఆవిడ గదిలో ఏసీ పని చెయ్యటం లేదట. ఎవరో కుర్రాడొచ్చి చూసి, గ్యాస్ పోయింది, కంప్రెసర్ కూడా పోయింది, ఇరవై ఎనిమిది వేల తైవాన్ డాలర్లవుతుందన్నాడట. బయటి యూనిట్ గోడకు వేలాడుతోంది కాబట్టి ప్రమాదం పనికి ఇంకో మూడు వేలట.

"పక్కనే బీయున్ ఉంది, చూపించొచ్చుగా?" అన్నాను.

"వాన్‌ఫా నిచ్చెన ఎక్కలేడు కదక్కా."

"వాన్‌ఫా సంగతి ఎవరడిగారు? పరీక్ష పాసయింది ఆవిడ. బ్యాంకులో నువ్వు పాసయిన పరీక్షలు మీ ఆవిడ రాసిందా?"

నవ్వక తప్పలేదు అతనికి. వెళ్ళి బీయున్‌ను పిలిచాడు. నేనూ పైకి వెళ్ళాను. సాక్షి ఉండాలిగా.

బీయున్ మెషిన్ ముట్టుకోకుండా ముందు బామ్మను కూర్చోబెట్టి అడిగింది. "వెయ్యగానే చల్లగాలి రావట్లేదా, వచ్చి ఆగిపోతోందా?"

"ఓ గంట సుబ్బరంగా వస్తుందమ్మా. తర్వాత గాలి చచ్చిపోతుంది, నా మంచం మీద నీళ్ళు కారుతాయి. ఆపేసి పొద్దున్న వేస్తే మళ్ళీ బాగానే వస్తుంది. ఇవాళ వేసి రెండు గంటలైంది, మళ్ళీ అదే వరస."

"గ్యాస్ పోతే ఆ మొదటి గంట కూడా రాదు కదా బామ్మా" అంది బీయున్.

నడుముకు బెల్టు కట్టుకుని, దాన్ని కిటికీ ఊచకు బిగించి, ఆరో అంతస్తు బయటికి సగం ఒళ్ళు వంచింది. నేను కళ్ళు మూసుకున్నాను. లోపలికి వచ్చి చెయ్యి చూపించింది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"అతుకుల దగ్గర నూనె మరక లేదు. గ్యాస్‌ని మెషిన్ తినెయ్యదు గ్వోతాంగ్ గారూ. తగ్గిందంటే ఎక్కడో కారాలి. ఎవరైనా గ్యాస్ పోయిందంటే ఎక్కడ కారుతోందో చూపించమనండి. చూపించకుండా నింపితే నెలకోసారి నింపించుకుంటూనే ఉంటారు."

"మరి ఆ పైపు మీద మంచు పట్టిందే? అది చూసే కదా అతను చెప్పాడు" అన్నాడు గ్వోతాంగ్.

"గాలి ఆడకపోయినా పడుతుంది" అంటూ నిచ్చెన ఎక్కింది. ఎక్కి ఆగిపోయింది.

గోడ మీది ఏసీ నెత్తిన ఆకుపచ్చ పొట్లాలు ఏడు, భుజాలు రాసుకుంటూ వరసగా ఉన్నాయి. కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌లు. ఏ మెషిన్ అయినా మాట వినాలంటే దాని మీద పచ్చ పొట్లం పెట్టాలని మా అందరికీ తెలుసు. మారాం చేసే పిల్లలకు చిరుతిండి పెట్టినట్టే. బ్యాంకుల్లో పెడతారు, ఆసుపత్రుల్లో పెడతారు, నా సోయా పాల మెషిన్ మీదా ఉంది. బామ్మ ఏసీ మొరాయించిన ప్రతిసారీ ఇంకోటి కొని పెట్టింది.

"ముట్టుకోకు!" అని అరిచింది బామ్మ. "మొన్నటి అబ్బాయి కూడా ముట్టుకోలేదు. మర్యాద తెలిసినవాడు."

బీయున్ నిచ్చెన మీదే పొట్లాలకు రెండు చేతులూ జోడించింది. "తప్పుగా అనుకోకండి, చోటు మారుస్తానంతే" అని వాటికే చెప్పి, ఒక్కొక్కటే తీసి నాకందించింది. వెనక తేదీలు చదివాను. రెండింటికి గడువు దాటిపోయింది. గడువు దాటిన పొట్లం మెషిన్‌కి ఎంత అరిష్టమో వేరే చెప్పాలా? అందులో ఒకటి మా కొత్త సంవత్సరం పండక్కి నేనిచ్చిందే. దాన్ని మిగతావాటి కిందికి తోశాను.

"బామ్మా, దీనికి ముక్కు నెత్తిమీదుంటుంది. మీరు ప్రేమకొద్దీ ముక్కు మూసేశారు. ఊపిరాడక లోపల గడ్డకట్టుకుపోయింది" అని ముందు మూత తెరిచి చూపించింది. రేకుల మీద వేలెడు మందాన మంచు.

బామ్మ ముఖం చిన్నబోయింది. "అంటే నేనే పాడు చేశానా?"

"పాడవలేదుగా! అలిగిందంతే."

మంచు కరగడానికి గంట పడుతుందంటే నీళ్ళు తాగే వంకతో బీయున్‌ను వరండాలోకి లాగాను. "గ్యాస్ నింపానని చెప్పు, మూడు వేలు వేసుకో. వాళ్ళు ముప్ఫై వేలకు సిద్ధపడ్డవాళ్ళు, దణ్ణం పెట్టి ఇస్తారు. శనివారం నెత్తి మీదుందే నీకు!"

నా వైపు అదోలా చూసింది. "అబద్ధమాడి నిలబెట్టే నంబరైతే వాడికి ఇచ్చేస్తేనేం అక్కా?"

నిజం చెప్తున్నాను, ఆ రోజు సిగ్గుపడ్డాను.

గంట తర్వాత ఏసీ వేసింది. ఫిల్టరు కడిగి పెట్టింది. ఇంకో రెండు గంటలు కూర్చుని చూశాం, చుక్క నీరు కారలేదు. గడువున్న పొట్లాల్లో ఒకదాన్ని గోడకు, మెషిన్ పక్కన టేపుతో అంటించింది. బామ్మ దానికి మూడుసార్లు తల వంచింది.

బిల్లు ఐదు వందలు, ఇంటికి వచ్చి చూసినందుకు. గ్వోతాంగ్‌కు నమ్మకం కుదరలేదు. "ఇంతేనా? రేపు మళ్ళీ ఆగితే?"

"కాగితం మీద రాశాను చూడండి. మూడు నెలల్లో ఇదే బాధొస్తే ఊరికే వస్తాను. ఇంకో మాట. దీనికి తొమ్మిదేళ్ళు. నిజంగా కంప్రెసర్ పోయిన రోజున బాగుచేయించకండి, ఆ డబ్బు కొత్తదానిలో వెయ్యండి. నేనే వచ్చి చేస్తానన్నా వద్దనండి. ఎవరితో ఏ పార్టు మార్పించినా పాతది చేతికిమ్మని అడగండి."

అతను ఆ కాగితాన్ని బ్యాంకులో సంతకం సరిచూసినట్టు రెండుసార్లు చదివాడు. జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారమంతా బీయున్ ఫోన్ మోగలేదు. సాయంత్రం డబ్బాల హోటల్ అడ్రసు అడిగి రాసుకెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున ఆరింటికి లై బామ్మ నా షాపులో దిగింది. రెండు రాత్రులు కమ్మగా నిద్రపోయిందట. వచ్చినవాళ్ళందరికీ ఏసీ ముక్కు ఎక్కడుంటుందో తన నెత్తి కొట్టుకుని మరీ చూపించింది. అప్పటికే గ్వోతాంగ్ ఆ కాగితాన్ని ఫోటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాడు, మొదటి కుర్రాడు చెప్పిన లెక్క పక్కనే. ఎనిమిది కల్లా తొమ్మిది ఇళ్ళవాళ్ళు బీయున్ ఎప్పుడొస్తుందని అడిగారు. అందులో నలుగురు ఏసీ మీది పొట్లాలు గబగబా తీసేసి, అయినా ఓసారి వచ్చి చూడమన్నారు.

పదింటికి మేనేజరొచ్చాడు. బీయున్, వాన్‌ఫా నా షాపులోనే గుడ్డు అట్లు తింటున్నారు.

"ఏమనుకున్నారు?"

బీయున్ నోట్లోది నమిలి మింగింది. "నంబరు ఇవ్వనండి. మీ దగ్గర ఎత్తంటే భయం లేనివాళ్ళు ఒకరుంటే ఈ నెల నాకు పంపండి. రోజుకూలి నేనిస్తాను."

మేనేజరు ఆమె మాట పట్టించుకోకుండా వాన్‌ఫా వైపు తిరిగాడు. "మీరేమంటారు జ్వో గారూ?"

వాన్‌ఫా అట్టు మీంచి తల ఎత్తలేదు.

"నన్నెందుకండీ అడుగుతారు? షాపు ఆవిడది."