నా ఎర్ర రిబ్బన్, మీరు మెచ్చిన నీటికాకి

ఒక పక్షి చచ్చిపోతుంటే మీరు లైక్ కొట్టారు. అవును, మీరే. కొందరు గుండె బొమ్మ కూడా పెట్టారు.

కొన్నాళ్ళుగా తిరుగుతున్న ఆ పాత కలర్ ఫోటో గురించే చెబుతున్నాను. మంచు పట్టిన చెరువు, తెప్ప మీద రెక్కలు విప్పిన నీటికాకి, నోట్లో చేప, మెడకు ఎర్ర పట్టీ. ఒడ్డున చెయ్యి చాచిన మనిషి. కింద రాత: ‘మనిషికీ ప్రకృతికీ మధ్య ప్రేమ. గుర్తు తెలియని జాలరి.’

గుర్తు తెలియకపోవడం ఏంది? ఆయన మా బాపు. పేరు సాయిలు. ఆ ఎర్ర పట్టీ నా జడ రిబ్బన్.

మా చిన్నప్పుడు... చిట్యాల దగ్గర మా ఊరి చెరువులో, నీళ్ళ మధ్య తుమ్మచెట్లు ఉండేవి. వాటి నిండా నీటికాకుల గూళ్ళే. ఒక గాలివానకు గూడు చెదిరి పిల్ల ఒకటి నీళ్ళలో పడితే, బాపు తువ్వాలలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది.

"మనకే తిననీకి లేదు, గీ కాకికి చేపలు యాడికెల్లి తెస్తవయ్యా?"

"నేనెందుకు తెస్త? పెద్దగైనంక గదే తెచ్చి నీకు పెడ్తది సూడు."

నిజంగానే తెచ్చిపెట్టింది. కర్రెమ్మ అని పిలిచేవాళ్ళం. నీటికాకితో చేపలు పట్టే అలవాటు మా దగ్గర ఇంకెవరికీ లేదు, అది బాపు ఒక్కడి పిచ్చి. పాత ధోవతి అంచు చింపి దాని మెడకు మెత్తగా కట్టేవాడు. చిన్న చేప గొంతు దిగిపోతుంది, పెద్దది ఆగిపోతుంది. తెప్ప ఎక్కగానే దాన్ని కక్కించి, పట్టీ విప్పి, ముందు కర్రెమ్మ వాటా కర్రెమ్మకు పెట్టేవాడు. తర్వాత చెరువును కాచే కట్టమైసమ్మకు... ఆ తర్వాతే మాకు.

"మైసమ్మకు కోపమొస్తదిరో సాయిలూ!" అని ఒడ్డున ఉన్నవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

"మైసమ్మ మునిగి తెచ్చిందా? మునిగినదానికే ముందుగాల."

కట్టుకున్నదానికంటే కాకే ఎక్కువైందని అమ్మ సణిగేది. కర్రెమ్మ ఎండలో రెక్కలు ఆరబెట్టుకుంటుంటే కుక్కలు రాకుండా కట్టె పట్టుకుని కూర్చునేది కూడా అమ్మే...

ఇదంతా గొప్ప కళ అని నేననను. అది ఆకలి. పక్షి మెడకు గుడ్డ కట్టడం ప్రేమ కాదని నాకూ తెలుసు. కానీ ఆ గుడ్డను విప్పే వేళ్ళు పక్కనే ఉండేవి. నా వాదన అంతా అక్కడే.

ఒక చలికాలం పటేల్ ఇంటికి పట్నం నుంచి చుట్టం వచ్చాడు, కెమెరా వేసుకుని. చెరువులో వల వేయాలన్నా, తెప్ప దించాలన్నా పటేల్ మాటే. ఆయన చుట్టం అడిగితే బాపు కాదనగలడా? మీరే చెప్పండి.

చుట్టానికి ధోవతి పీలిక నచ్చలేదు. "ఇది మాసిపోయింది, ఫోటోలో కనపడదు. కలర్ కావాలి." చుట్టూ చూసి నా జడ దగ్గర ఆగాడు. అంగడిలో అమ్మ కొనిచ్చిన కొత్త నైలాన్ రిబ్బన్ అది. నన్ను అడగలేదు, తనే విప్పుకున్నాడు.

బాపు తన చేతికి అలవాటైన ముడే వేశాడు. గుడ్డ మీద అది వేసిన చోటే ఆగేది. రిబ్బన్ మీద ఆగలేదు... తడిసింది, జారింది, మెడ కదిలినకొద్దీ బిగిసింది.

తెప్ప మీద పక్షి ఒక్కటే కనపడాలని బాపును ఒడ్డునే ఉండమన్నాడు. కర్రెమ్మ మునిగి, చేపతో తెప్ప ఎక్కింది. మింగలేదు, కక్కలేదు. రెక్కలు రెండూ విప్పి మెడ పైకెత్తింది.

"సార్, దానికి ఊపిరాడుత లేదు సార్... ముడి బిగిసింది!"

"అబ్బ, ఏం పోజిచ్చింది! నువ్వు అక్కడే ఉండు. కదలకు... ఒక్క నిమిషం."

వెనక నుంచి పటేల్ గద్దించాడు. "సారు చెప్తుంటే ఇనవడ్తలేదారా?"

బాపు ఆగిపోయాడు. చెయ్యి మాత్రం చాచాడు.

మీరు ‘ఆశీర్వాదం’ అని రాసుకున్న చెయ్యి అదే. గురువు శిష్యుణ్ణి పిలుస్తున్నాడని ఒకరు కవిత్వం కూడా పోశారు. అది బతిమాలుకుంటున్న చెయ్యి, సారూ.

కెమెరా దిగాక బాపు నడుము లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ పోయాడు. పళ్ళతో రిబ్బన్ కొరికాడు. అప్పటికే అయిపోయింది... కట్ట మీద గొయ్యి తీస్తున్నంతసేపూ "నా ముడే, నా ముడే" అంటూనే ఉన్నాడు. ఆ రోజు అమ్మ సణగలేదు. బాపు మళ్ళీ ఏ పక్షినీ పెంచలేదు.

"కట్టింది మీ బాపే కదా?" అని అడగబోతున్నారు కదూ. అవును. ఆయన ఇప్పటికీ అదే అంటాడు. విప్పనీయనివాడు మాత్రం ఏమీ అనలేదు. మెప్పు తీసుకుని పోయాడు. ఆ మెప్పు ఇవాళ మీరు ఇస్తున్నారు.

చెరువులో ఇప్పుడు తుమ్మల్లేవు, గూళ్ళూ లేవు... అయినా మొన్న బాపుకు ఫోన్ వచ్చింది. పట్నం ఫోటోగ్రాఫర్ల గుంపు ఒకటి ఆదివారం వస్తుందట. ఆ ఫోటో మళ్ళీ తీస్తారట. పక్షిని వాళ్ళే పట్టుకొస్తారట, బాపు ఒడ్డున నిలబడి చెయ్యి చాస్తే చాలట. పేరు రాయడానికి దొరకని మనిషి, నిలబెట్టడానికి మాత్రం ఎంత సులువుగా దొరికాడో చూడండి!

ముసలాయన ఫోన్ నా చేతికిచ్చి ఒక్కటే అడిగాడు.

"మెడకు ఏం కడ్తరట బిడ్డా?"

అందుకే రాస్తున్నాను. ఇవి మనవులు కావు.

ఆ ఫోటో పెట్టినవాళ్ళు తీసేయండి. తీయలేకపోతే కింద నిజం రాయండి.

‘గుర్తు తెలియని జాలరి’ కొట్టేసి సాయిలు అని రాయండి. పక్షి పేరు కర్రెమ్మ అని కూడా.

ఆశీర్వాదం అన్న మాట వెనక్కి తీసుకోండి.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఇలా ఫోటో మిగిలి పేరు పోయిన మనుషులుంటే, ఆ పేర్లు కింద రాయండి. నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.

ఆదివారం మా చెరువుకు రాకండి.

ఆ పక్షిని పట్టిన చోటే వదిలేయండి.

దాని మెడకు ఏమీ కట్టకండి.