పటంలో గీయని నీళ్లతొట్టి

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, మార్చి మొదటి వారంలో, నన్ను ధర్మవరం వైపు నుంచి పెనుకొండ, రొద్దం మధ్య ఉన్న కొండల సెక్షన్‌కు మార్చారు. అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసర్ అంటే బీటు ఆఫీసర్లకు పైన, రేంజి ఆఫీసర్‌కు కింద. కేసు రాయడం, స్థలం పటం గీయడం అతని పనులు. నేను పదో తరగతితో గార్డుగా చేరినవాణ్ణి. ఎలుగుబంట్ల గురించి నాకు తెలిసినదంతా హిందూపురం గ్రంథాలయంలో కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నదే. డిగ్రీలు చదివి వచ్చినవాళ్లు కూడా నన్నడిగి తెలుసుకునేవారు.

ఆ కొండ రిజర్వు ఫారెస్టు. చట్టం ప్రకారం ఎలుగుబంటికి పులితో సమానమైన రక్షణ ఉంది. ఆ ఏడు వానల్లేక కొండ మీది దొనలు, రాతిలో వాననీళ్లు నిలిచే గుంటలు, ఎండిపోయాయి. మాకు ఒక సాసర్ పిట్ మంజూరైంది. అది లోతు తక్కువ గుండ్రటి సిమెంటు తొట్టి. పడిన పిల్ల జంతువు ఎక్కి రాగలిగేలా అంచులు వాలుగా ఉంటాయి. చోటు ఎంచే బాధ్యత నాది. దొనల దగ్గరే కట్టాలని నా నోటుబుక్కులో ఉంది. కానీ ట్యాంకర్ అంత ఎత్తు ఎక్కదు. కొండ కింద బండిబాట పక్కన కట్టించాను.

తొట్టి చుట్టూ మెత్తటి మట్టి పరిచి రోజూ చదును చేయించేవాళ్లం. ఏం వచ్చి పోయిందో పొద్దున అడుగులు చెబుతాయి. పదో రోజున మనిషి పాదం లాంటి అడుగు పడింది, కుడి వెనకకాలికి ఒక వేలు లేదు. పక్కనే చిన్న అడుగులు. బీటు ఆఫీసర్ బాషా వంగి చూసి, "మీ పుస్తకంలోది దిగి వచ్చిండాది సార్, పిల్లను కూడా తెచ్చిండాది" అన్నాడు. ఆ రోజంతా నాకు సంతోషంగా ఉంది.

అడవి పందులూ వచ్చాయి. బాటకు అవతల నరసమ్మ అనే రైతు బోరు కింద రెండెకరాల్లో వేరుశనగ వేసింది. పందులు తవ్వేస్తున్నాయని రెండుసార్లు వచ్చి చెప్పింది. నష్టపరిహారానికి అర్జీ రాయించి పైకి పంపాను. అది కదలలేదు. ఆమె గట్టున క్లచ్ వైరుతో ఉచ్చు వేసింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆ ఉచ్చులో వేలు లేని ఎలుగుబంటి చచ్చి పడి ఉంది. వైరు నడుముకు బిగుసుకుంది. పశువైద్యుడు శవపరీక్ష చేశాడు. గోళ్లు ఎవరూ తీసుకోలేదని చూసి, పంచనామా రాసి, కళేబరాన్ని అక్కడే కాల్చాం.

నరసమ్మ పారిపోలేదు. గట్టు మీదే కూర్చుని ఉంది. వైరు ఎవరిదని అడిగితే తనదేనని చెప్పింది. ఎలుగుబంటి తిరుగుతోందని తెలియదా అన్నాను.

"ఎలుగ్గొడ్డుకు పెట్టలేదు సారూ, పందులకు పెట్టినా. ఇన్నేండ్లు అవి ఈడికి రాలేదు. నీళ్లు నువ్వు పెడితివి, అవి వచ్చె. నా చేను యాడికి జరుపుకోవల్ల?"

నేను కేసు రాశాను. పటంలో సరిహద్దు రాయి, బాట, చేను, ఉచ్చు, కళేబరం గీశాను. తొట్టి ఆ ఉచ్చుకు అరవై అడుగుల దూరంలో ఉంది. దాన్ని గీయలేదు. గీయవద్దని నాకెవరూ చెప్పలేదు. అదెక్కడుందని కోర్టులోనూ ఎవరూ అడగలేదు. నరసమ్మ రిమాండుకు పోయింది. బెయిలు మీద వచ్చేసరికి ఆమె చేనులో పందులు తవ్వి వదిలిన మట్టే మిగిలింది.

పిల్ల అడుగులు తొట్టి దగ్గర మూడు రోజులు కనిపించాయి. నాలుగో పొద్దున మట్టి మేం చదును చేసినట్టే ఉంది. బాషా, నేను వారం వెతికాం. దొరకలేదు.

మరో చోటు కోసం కొండ చుట్టూ తిరిగాను. ట్యాంకర్ వెళ్లగలిగిన ప్రతిచోటా పక్కన ఎవరిదో ఒక చేను ఉంది. చేను లేని చోటికి ట్యాంకర్ వెళ్లదు. రిటైర్ అయ్యే దాకా ఆ తొట్టిలోనే నీళ్లు పోయించాను.

జంతువు గురించి ఎంత చదివినా, పక్క చేను ఎవరిదో తెలుసుకోకుండా నీళ్లు పెట్టకూడదని నా తర్వాత వచ్చిన ఆఫీసర్‌కు చెప్పాను. మరి ఎక్కడ పెట్టాలని అతను అడిగాడు. ట్యాంకర్ వెళ్లగలిగి, పక్కన చేను లేని చోటు ఈ సెక్షన్‌లో లేదని చెప్పి, చార్జి అప్పగించాను.