ఎడమచేతి కుంచం

నాకు పక్షవాతం వచ్చిన పొద్దున, చాలాసేపటి దాకా మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. మూతి ఒక పక్కకు లాగి, మాట ముద్ద చేసి ఊళ్లో ఎవరినో ఎక్కిరిస్తున్నాననుకున్నారు. మా ఇంటామె పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పలేదు. "చాలు తియ్యి, నవ్వొస్తలేదు" అంది. నవ్వు నాకూ రాలేదు. నా చేతిలోని అంబలి చెంబు జారి కింద పడ్డాక గానీ ఆమె లేచి రాలేదు. బతుకంతా మందిని ఎక్కిరించినవాడికి రోగం కూడా ఎక్కిరింపు వేషంలోనే వస్తుందేమో.

అప్పటికి హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఎంతో కాలం కాలేదు. మాది సుల్తానాబాద్ దగ్గర వరి పండే ఊరు. నేను నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టాను. పంతులు కూడా సంతోషంగానే సాగనంపాడు. ఆ తర్వాత మా బాపు చేసిన పనే నా చేతికి వచ్చింది. కల్లంలో వడ్ల రాశి దగ్గర కూర్చుని, కుంచంతో కొలిచి బస్తాలకు పోయడం. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాతి కుంచం నిండేదాకా ఆ అంకెనే పాటలాగా పలుకుతూ ఉండాలి. లెక్క తెగితే పోసిన వడ్లన్నీ మళ్లీ రాశిలో గుమ్మరించి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంకొక కట్టడి కూడా ఉంది. దాన్ని ఎవరూ నోటితో చెప్పరు, చెప్పే అవసరం రాదు. రాశిని కుడిచేత్తోనే ముట్టాలి. ఎడమచెయ్యి ఏ పనికో అందరికీ తెలుసు.

నాకు పోయింది కుడిచెయ్యి.

పావురం నెత్తురు పూసి మర్దన చేశారు. కొండగట్టు గుడికి తీసుకుపోయారు. మాట తిరిగి వచ్చింది గానీ నీళ్లలో నానిన జొన్నరొట్టెలా వచ్చింది. చెయ్యి లేచేది, పట్టు మాత్రం లేదు. మా ఇంటామె అన్నం కలిపి ముద్దలు పెట్టేది. వాకిట్లో అడుగుల చప్పుడైతే నేను నమలడం ఆపేసేవాణ్ణి. "నోట్ల ముద్ద పెట్టుకొని ఎవలకు సిగ్గుపడుతున్నవ్?" అనేది. ఆమె పొలం పనికి పోయాక పెరటి గోడ వెనక కూర్చుని, ఎడమచేత్తో కుంచం పట్టి ఇసుక కొలిచేవాణ్ణి. దొంగతనం నేర్చుకుంటున్నవాడిలా చెవులు వీధి వైపే ఉండేవి.

వానకాలం వరి కోతలు కాగానే ఊళ్లో ఒక పెద్ద రైతామె వడ్లు కొలవడానికి రమ్మని కబురు పంపింది. ఆమెకు భర్త పోయి చాలా ఏళ్లు. సేద్యం తనే చేయించేది, మరిది తోడుండేవాడు. కబురు వినగానే ఎగిరి గంతేసేవాణ్ణే, కాళ్లలో ఒకటి ఒప్పుకోలేదు. ఈ పని నిలబడితే నేను ఇంట్లో మనిషిని. లేకుంటే అరుగు మీద పెట్టిన మూటను. కుడిచేత్తోనే కొలవాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

"లాభం" అన్నాను. అది లాభంలా వినిపించలేదు. ఎవరూ నవ్వలేదు. కుంచం లేపగానే మణికట్టు వంగిపోయి, వడ్లు బస్తా అంచు మీంచి కిందికి జారేవి. బస్తా పట్టుకున్న జీతగాడు నా చేతిని చూడలేక ఆకాశం చూస్తున్నాడు. నేను లెక్క తప్పకూడదని అంకె మీదే ధ్యాస పెట్టాను. అంత ధ్యాస పెట్టడంలో చెయ్యిని మరిచాను. ఎప్పుడు మారిందో ఏమో, కుంచం తేలికైంది. వడ్లు నిండుగా పడుతున్నాయి, లెక్క పాటలా సాగుతోంది. జబ్బు చేసిన తర్వాత అంత సుఖంగా ఎప్పుడూ లేను.

"ఆపు" అన్నాడు రైతామె మరిది. "ఏ చేత్తోని కొలుస్తున్నవ్?"

చూసుకున్నాను. ఎడమచెయ్యి రాశిలో మోచేతి దాకా ఉంది.

నా దగ్గర మందు ఎప్పుడూ ఒకటే. "పటేలా, కుడిచేతిని దేవుడు జప్తు చేసిండు. గిది జామీను మీదొచ్చింది" అన్నాను.

"ఏమన్నవ్?"

మళ్లీ చెప్పాను.

"సమజైతలేదు. జర నిమ్మళంగ చెప్పు."

ఈసారి ఒక్కొక్క మాటా విడగొట్టి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. నవ్వించే మాటను మళ్లీ మళ్లీ చెప్పాల్సి రావడం ఎంత సిగ్గో నాకు ఆ రోజే తెలిసింది. జీతగాడు జాలిపడి నవ్వాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

"మనసుల పెట్టుకోకు, రాశి గదా" అని మరిది మెల్లగా కుంచం అందుకున్నాడు. బస్తాలన్నీ రాశిలో గుమ్మరించి మొదటి నుంచి కొలిచాడు. రైతామె కల్లం అంచున నిలబడి ఉంది. చివరికి కొలిచినవాడికి ఇచ్చే వడ్లు నా తువ్వాలలో పోయబోయారు. నేను కొలిచిందేమిటని? తువ్వాల దులిపి భుజాన వేసుకుని, కాలీడ్చుకుంటూ వచ్చేశాను.

మరునాడు పొద్దున రైతామె ఆ వడ్లు గంపకెత్తుకుని మా వాకిట్లోకి వచ్చింది. మా ఇంటామె చాటలో పోయించుకుంది.

"రేపు కింది కల్లం. కొలువనీకి రా" అంది రైతామె నాతో.

నేను కుడిచెయ్యిని దుప్పటి కిందికి లాక్కున్నాను. "మరిది పటేలు ఊకుంటడా పెద్దమ్మా?"

"వడ్లు నావి. ఆయనతోని మాట్లాడిన. మొగడు కాలంజేసిన యేడు నన్ను గూడ రాశి కాడికి రావొద్దన్నరు. పోయిన. వడ్లేం పారిపోలే."

"ఎడమచెయ్యి తాకితే లక్ష్మి అలిగి పోతదంటరు. పోతే పోయె గని, పొయ్యేటప్పుడు జర మా ఇంటి తొవ్వ చూపెట్టు" అన్నాను. మాట సాఫుగానే వచ్చింది. మా ఇంటామె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. రైతామె మాత్రం నవ్వలేదు. ఖాళీ గంప చంకన పెట్టుకుంది.

"చెయ్యిదేమున్నది, కడుక్కుంటే అయిపాయె. గా మాటలు ఇంట్ల పెట్టి రా. నిన్ను నవ్వియ్యనీకి పిలువలే, కొలువనీకి పిలిచిన."