రాహేలమ్మ మొగుడు యాడుండాడు?

నాకు రాహేలమ్మ అంటే పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు, అడిగినా రాయను. కానీ ఆమె చేసిన పని ఒకటుంది. దాన్ని మా కాలనీలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను.

మాది నేత ఇల్లు, నేను ఆ ఇంటి కోడల్ని. గండికోట రిజర్వాయరు నిండినప్పుడు నీళ్ళ కిందికి పోయిన ఊళ్ళలో మాదీ ఒకటి. ఊరు ఊరుగా ఉన్న రోజుల్లో రాహేలమ్మ మా పంచలో రాట్నం ముందు కూర్చొని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. లోపల మా మామ రామలింగప్ప మగ్గం మీద ఉండేవాడు. రాట్నమైనా మధ్యలో ఆగేదేమో గానీ ఆమె నోరు ఆగేది కాదు.

"ఆ నామం తప్ప ఇంకో దోవ లేదప్పా. ఎన్ని గుళ్ళు తిరిగినా ఆఖరుకు పోయేది అగ్గిలోకే," అని మామకు దినమూ చెప్పేది.

మామ కోపం లేని మనిషి. "ఈ మగ్గం గుంతలో నుంచి లేచే దోవే నాకు దొరకలేదు. మోక్షానికి దోవ ఇంక యాడ ఎతికేది మ్మే?" అని నవ్వేవాడు.

మా అత్త సుబ్బరత్నమ్మకు మాత్రం ఒళ్ళు మండేది. రాహేలమ్మ ఆదివారం ప్రార్థనకు కట్టుకుపోయే తెల్లచీర మా మామ నేసి ఇచ్చిందే. "నేసినోడేమో నరకానికంట, కట్టుకున్నామె పరలోకానికంట. యాడిదిరా ఈ న్యాయం," అనేది అత్త, ఆమెకు వినపడేటట్టే.

రాహేలమ్మ పుట్టింది జమ్మలమడుగు పక్క. పసిపిల్లగా ఉన్నప్పుడే పెద్ద చర్చిలో నెత్తిన నీళ్ళు చిలకరించి పేరు పెట్టారు. అది కూడా చెల్లదని తర్వాత శ్రీకాంత్ పాస్టరు చెప్పాడు. ఆయన మా ఊళ్ళో చిన్న ప్రార్థన మందిరం పెట్టిన కొత్తలో, పెన్నలో నీళ్ళున్న ఏడు, ఆమెను నిలువునా ముంచి లేపి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చాడు. చర్చిలో పుట్టి పెరిగిన మనిషికే ఆయన దోవ మూసి తెరిచాడంటే, ఇంక మా లాంటి వాళ్ళ సంగతి చెప్పేదేముంది.

మా మామ పోయిన రోజు ఆమె వచ్చింది. ఏడ్చింది కూడా. ఏడ్చి ఊరుకుంటే ఏ గొడవా లేదు. శవం ఇంకా వాకిట్లోనే ఉంది, మా అత్త చెయ్యి పట్టుకొని, "ఒక్కసారి ఆ నామం ఒప్పుకొనుంటే సరిపోయేది గదమ్మా. ఇప్పుడు ఆ అగ్గిలో ఎట్ల ఓర్చుకుంటాడో ఏమో," అంది. ఆమె ఎగతాళికి అనలేదు, నిజంగానే బాధపడుతూ అంది. నాకు మరీ మంట పుట్టించింది అదే. మా అత్త చెయ్యి విదిలించుకొని బయటికి పొమ్మంది. పని మాన్పించాలని నేను అన్నాను గానీ, మామ తర్వాత మగ్గం ఎక్కిన నా మొగుడికి వేళకు కండెలు చుట్టిచ్చేవాళ్ళు ఇంకొకరు దొరక్క మళ్ళీ పిలిపించారు.

ఇంతమందికి దోవ చూపించే మనిషికి సొంత మొగుడే లొంగలేదు. ఆయన పేరు చిన్న ఈరన్న. నాపరాళ్ళ గనిలో పని. ఊరి దేవత సుంకులమ్మకు మొక్కేవాడు. భార్య ఆదివారం ప్రార్థనకు పోతే, తిరిగొచ్చేసరికి సంగటి కెలికి పెట్టేవాడు. అట్లాంటి మనిషిని పాపి పాపి అని ఆమె నోటితోనే అనేది. రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ఒక ఎండాకాలం, పట్టుమని పది అడుగులు నడవలేని స్థితిలో, ఆమెను పిలుచుకుపోవడానికి మా పంచలోకి వచ్చి కూలబడ్డాడు.

"సరేలే మ్మే, నేనూ మునుగుతా," అన్నాడు దగ్గు మధ్యలో. "నువ్వు పోయే తావుకే నేనూ వస్తా. నువ్వు లేని తావులో ఒక్కన్నే ఉండి ఏం చేసేది?"

రాట్నం ఆగిపోయింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. బతుకంతా తోడు వచ్చినవాడు చచ్చినాక కూడా తనతోపాటు వస్తాడా రాడా అన్నదే ఆమెకున్న ఒకే ఒక దిగులు. ఆ దిగులు ఆ పూట తీరిందనుకుంది.

ఇక పాస్టరు సంగతి. వయసులో నాకన్నా చిన్నవాడే, మాట మాత్రం బండరాయి. చిలకరిస్తే చెల్లదు, తొట్టిలో కూర్చోబెట్టి పోస్తే చెల్లదు, పారే నీళ్ళలో నిలువునా మునగాల అన్నాడు. ఆ ఏడు పెన్నలో ఇసుక తప్ప ఏముంది? తాగే నీళ్ళకే ట్యాంకరు రావాల, అది వస్తే ఆడవాళ్ళం జుట్లు పట్టుకునేవాళ్ళం. అట్లాంటి ఊళ్ళో మనిషిని నిలువునా ముంచే నీళ్ళు ఎవరు తెచ్చిస్తారు? రాహేలమ్మ ఆయన కాళ్ళ మీద పడినంత పని చేసింది.

"నేను బిందెలతో మోసుకొస్తా అయ్యగారూ. నెత్తిన పోసి ప్రార్థన చేయండి, సాలు."

"దేవుని పనిలో సగం సగం ఉండదమ్మా. వానలు పడనీ, పెన్న పారనీ," అన్నాడాయన.

వానలు పడకముందే ఈరన్న పోయాడు. పాస్టరు రాలేదు. బాప్తిస్మం లేని మనిషికి తాను ప్రార్థన చేయనని ఫోనులో చెప్పేశాడు. ఈరన్న అన్నదమ్ములు డప్పు కొట్టించి వాళ్ళ పద్ధతిలో తీసుకుపోయారు. ఊరి పక్క వానాకాలం పారే వంక గట్టున ఒక పక్క మా నేతోళ్ళ సమాధులు, ఇంకో పక్క వాళ్ళవి, మధ్యన ముళ్ళకంప కంచె. మా మామను పెట్టింది కంచెకు ఇవతల, ఈరన్నను పెట్టింది అవతల. రాహేలమ్మ డప్పుకు దూరంగా, ప్రార్థన చేసే దిక్కు లేక, ఒక్కతే నిలబడింది.

తర్వాత ఆమె పనిలోకి వచ్చిన రోజు మా అత్త పంచలో కాచుకొని ఉంది. రాట్నం ముందు కూర్చోనిచ్చి, నిదానంగా అడిగింది.

"ఇప్పుడు చెప్పు రాహేలూ. మా ఆయన అగ్గిలో ఉండాడంటివి. నీ మొగుడు యాడుండాడు?"

ఆమె చేతిలో కండె కింద పెట్టి, లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. నాకు కడుపు చల్లబడింది. అది తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. ఊరు ఖాళీ చేయమన్నారు. మగ్గం విప్పి ట్రాక్టరులో వేసుకొని ఈ కాలనీకి వచ్చిపడ్డాం. ఊళ్ళో రెండు వీధుల అవతల ఉన్న రాహేలమ్మకు ఇక్కడ మా ఎదురిల్లే వచ్చింది. నా అదృష్టం ఎప్పుడూ అంతే.

మునిగిన ఊరు చూడటానికి అప్పుడప్పుడు అందరం నీళ్ళ గట్టుకు పోయేవాళ్ళం. ఒకసారి నేను పోయేసరికి రాహేలమ్మ అక్కడే ఉంది. పుట్టి మీద చేపలు పట్టే మనిషిని పట్టుకొని ఏదో అడుగుతోంది.

"ఆ వంక గట్టు కాడ ఎంత లోతుంటాదప్పా?"

"గెడ ఏస్తే అడుగు అందదు."

"నిలబడిన మనిషి మునుగుతాడా?"

"మనిషేందమ్మా, తాటిచెట్టు మునుగుతాది. ఎందుకు?"

ఆమె ఇంటి దోవ పట్టింది. దూకే ఆలోచన పెట్టుకుందేమో అనుకున్నాను. పడకపోయినా మనిషి మనిషే కదా. ఇంటిదాకా ఆమె వెనకే నడిచి, తలుపు వేసుకున్నాక మా ఇంట్లోకి పోయాను.

వచ్చిన ఆదివారం పాస్టరు మా వీధిలోనే షామియానా వేసి ప్రార్థన కూటం పెట్టాడు. మైకు మా వాకిలి వైపే తిప్పారు. నేనూ మా అత్తా వద్దన్నా వినాల్సిందే. బాప్తిస్మం వాయిదా వేసేవాళ్ళ గురించి ఎత్తుకున్నాడు.

"మన ఊళ్ళోనే చిన్న ఈరన్న అని ఒకాయన ఉండె. భార్య ఎన్నేండ్లు చెప్పినా వినలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనె. ఈ పొద్దు యాడుండాడు? అగ్నిలో నిలబడి ఒక్క చుక్క నీళ్ళకు అల్లాడతాండాడు."

ముందు వరసలో కూర్చున్న రాహేలమ్మ లేచి నిలబడింది.

"ఆపండి అయ్యగారూ," అంది. గట్టిగా అనలేదు, మైకు దగ్గరగా ఉండి వీధంతా వినపడింది. "ఆఖరులో వాయిదా వేసింది ఆయన కాదు, మీరు. పెన్న పారనీ అంటిరి. పారింది. వంక మునిగింది, ఆయన్ను పెట్టిన తావు మునిగింది. గెడకు అందని నీళ్ళ కింద ఉండాడు నా మొగుడు. మీరు ముంచుంటే ఒక్క నిమిషం ముంచి లేపుతాంటిరి. ఆయప్ప మునిగినోడు మునిగినట్టే ఉండాడు. చుక్క నీళ్ళకు అల్లాడతాండాడని ఎట్లంటారు?"

పాస్టరు ముఖం ఎర్రబడింది. "చచ్చినాక మునిగితే లెక్కలోకి రాదమ్మా. అది బాప్తిస్మం కాదు."

"దేవుడు సచ్చినాక లేచినాడని మీరే చెప్తిరి. ఆయన సచ్చినాక లేస్తే లెక్కలోకి వస్తాది, నా మొగుడు సచ్చినాక మునిగితే రాదా?"

ఎవరో మైకు కట్టేశారు. తర్వాత మాటలు మాకు తెగి తెగి వినపడ్డాయి. ఆ మాట వెనక్కి తీసుకోకపోతే కూటానికి రావద్దని పాస్టరు చెబుతున్నాడు. ఆమె తన చాప చుట్టుకొని, ఒక్కరి ముఖం కూడా చూడకుండా వచ్చి తలుపు వేసుకుంది. మా అత్త, "బాగా గడ్డి పెట్టింది," అంది. ఆ ఒక్క పూటకు నాకూ ఆమె మీద కోపం పోయింది.

ఆ ఒక్క పూటకే. మరుసటి రోజు కొళాయి దగ్గర బిందె పెట్టుకొని నిలబడి, నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఇప్పుడన్నా తెలుసుకో మ్మే హేమావతీ. మా ఆయనకు దోవ దొరికె. ఆ నామం లేకుండా ఉండేది ఇంక మీరే."

పాస్టరు తన మొగుణ్ణి నరకంలో పెడితే ఊరంతా వినేటట్టు అడిగిన మనిషి, మమ్మల్ని మాత్రం అందులోనే ఉంచుతుందా? మా అత్త అడిగిన మాటే నా నోటికి వచ్చింది, వేరే పేరుతో.

"అయితే మా మామ యాడుండాడు చెప్పు రాహేలమ్మా. ఆయన్ను పెట్టిందీ ఆ వంక గట్టునే. నీ మొగుని మీదికి వచ్చిన నీళ్ళే ఆయన మీదికీ వచ్చినాయి. మధ్యలో ఉన్న కంచె కూడా మునిగింది. మరి నీ మొగుడు మునిగింది లెక్కయితే, మా మామ మునిగింది లెక్క కాదా?"

ఆమె బిందె నిండింది. నీళ్ళు పొర్లి కాళ్ళ మీదికి పారుతున్నా చూసుకోలేదు.

"మీ మామ ఒప్పుకోలేదు," అంది.

"ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవాల?"

బిందె ఎత్తి చంకలో పెట్టుకుంది. నా మీద చూపు నిలపలేదు.

"ఎవురు ఒప్పుకున్నారో ఎవురు ఒప్పుకోలేదో ఆ నీళ్ళకేం తెలుసు? నన్ను అడగొద్దు పో," అని విసుక్కొని, ఒలికిపోతున్న బిందెతోనే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె మాకు ఆ దోవ సంగతి చెప్పలేదు. నేనూ ఆమెతో మాట్లాడలేదు. ఆదివారం వస్తే మాత్రం, మా మామ నేసిన ఆ తెల్లచీర కట్టుకొని, పాస్టరు షామియానా దాటుకొని, ఒక్కతే నీళ్ళ గట్టుకు పోతుంది.